శివారు మడికి వంతు నీళ్లు, మత్తయి సువార్తలో రెండు వచనాలు: నా అనుభవం

మా ఊరు పాలకొల్లుకు దగ్గరలో, పశ్చిమ డెల్టా కాలువల చివరి ప్రాంతంలో ఉంది. మాకున్న రెండెకరాల చేను పంట బోదెకు, అంటే కాలువ నుంచి పొలాలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువకు, కొసన ఉంటుంది. దానికి ఎగువన, ఒకే గట్టును ఆనుకొని ఉన్న మూడెకరాలు మా పెదనాన్నగారి అబ్బాయివి. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఊహ తెలిసినప్పటి నుంచి నేను అన్నయ్యా అనే పిలుస్తాను. నాకు యాభై దాటినా ఆయన ఒరే అనే పిలుస్తాడు. ఇద్దరం ఒకే లూథరన్ సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్లం. ఆదివారం ఆరాధనలో నడవకు ఆ పక్క వరుసలో ఆయన, ఈ పక్క వరుసలో నేను కూర్చుంటాము. 2024 దాళ్వాలో, అంటే రబీ వరి కాలంలో, నీళ్ల దగ్గర మా మధ్య వచ్చిన తగవును మత్తయి సువార్త చెప్పిన వరుసలోనే తీర్చుకోవాలని నేను పూనుకున్నాను. చదువుకుంటే ఆ వరుస చాలా తేలికగా కనిపిస్తుంది. బోదె గట్టు మీద దాన్ని నడిచి చూస్తే ఎలా ఉంటుందో ఇక్కడ రాస్తున్నాను.

సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మాకు నీళ్లు ఎక్కువై బాధ, దాళ్వాలో చాలక బాధ. సంక్రాంతి వెళ్లేసరికి గోదావరిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోతుంది, ఎగువన సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి కోసం డెల్టా అంతా ఎదురుచూస్తుంది, కాలువలకు వంతులు పెడతారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది; ఏది ఉన్నా శివారు రైతు చూపు మాత్రం ఎప్పుడూ ఎగువకే ఉంటుంది. వంతు వచ్చిన రోజున కాలువ తూములోంచి బోదెలోకి దిగిన నీటిని ఆ బోదె మీది రైతులు గంటల లెక్కన పంచుకుంటారు. ఆ ఏడాది మాకు రాత్రి 10 గంటల నుంచి తెల్లవారుజామున 4 గంటల వరకు పడింది. మేము వేసింది మార్టేరు పరిశోధన స్థానం వారి ఎం.టి.యు. 1121 రకం. జనవరి మొదటి వారంలో ఊడ్పులు అయ్యాయి కాబట్టి, ఫిబ్రవరి రెండో వారానికి చేను వెన్ను పుట్టే చిరుపొట్ట దశకు వచ్చింది. ఆ దశలో మడి ఆరితే వెన్ను చిన్నదవుతుంది, గింజ తగ్గుతుంది. ఇది తెలిసినవారికి ఆ రాత్రి నాకు కోపం ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఫిబ్రవరి 12, సోమవారం. రాత్రి పన్నెండు దాటిన కాసేపటికి మా మడిలోకి పడుతున్న నీటి చప్పుడు సన్నబడి, చివరికి ఆగిపోయింది. టార్చిలైటు పట్టుకొని బోదె వెంట పైకి నడిచాను. అన్నయ్య చేని మడవ, అంటే మడిలోకి నీళ్లు వదిలే గండి, తీసి ఉంది, నీళ్లు అటు పోతున్నాయి. మా వైపు వచ్చే తూము మూతికి బురదతో బరువెక్కిన గోనెసంచి ఒకటి అడ్డంగా బిగుసుకొని ఉంది. సంచిని లాగి గట్టు మీద పడేశాను, పారతో మట్టి వేసి మడవ కట్టేశాను. కాని బోదెలో మట్టం మళ్లీ పుంజుకొనేసరికి మా వంతు అయిపోవచ్చింది, కొస మడి తడవనేలేదు.

తెల్లవారాక నేను ఇంటికి వెళ్లి పడుకోవలసింది. పడుకోలేదు. తిన్నగా సెంటర్లోని టీ హోటలుకు వెళ్లి, అక్కడ ఉన్న ఆరుగురి ఎదుట మా అన్నయ్యను నీళ్ల దొంగ అన్నాను. సాయంత్రానికి ఆ మాట వదినగారి చెవిన పడింది. పడేసరికి గోరంతది కొండంతయి, ఆయన మూడేళ్లుగా దొంగిలిస్తున్నాడనీ, నేను స్టేషనులో ఫిర్యాదు రాయిస్తున్నాననీ తయారైంది. మరునాడు భస్మ బుధవారం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినములు మొదలయ్యే ఆ ఆరాధనకు ఇద్దరమూ వెళ్లాము, ఒకరినొకరు చూసుకోకుండా మోకరించాము, ఒకరినొకరు చూసుకోకుండా బయటికి వచ్చాము. చెప్పులు విప్పిన చోట మాత్రం ఆయన చెప్పులూ నావీ పక్కపక్కనే ఉన్నాయి.

మాటలు లేకుండా గడిచిన ఆ రోజుల్లో మమ్మల్ని నిలదీసినది మా అమ్మ ఒక్కతే. ఆమెకు ఎనభై రెండేళ్లు. అన్నయ్యకు పిన్ని. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు అని ఉంది కదా, ఆమె ఆ మాటను గడియారంలా వాడుకుంది. రోజూ పొద్దు వాలే వేళకు అరుగు మీద కూర్చొని, దీపాలు వేశారా అని అడిగే గొంతుతోనే, "ఒరే, సూర్యుడు వెళ్లిపోయాడు, నువ్వు వెళ్లలేదా?" అని అడిగేది. నేను జవాబు చెప్పకపోతే, "సరే, రేపు మళ్లీ వస్తాడులే" అనేది.

ఒక సాయంత్రం ఆమె మరో మాట కూడా అంది. "మీకిద్దరికీ ఇంకా గడువుంది. డెబ్బై ఏళ్లదాకా క్షమించాలని ప్రభువే చెప్పాడు. నీకు ఇంకా పద్దెనిమిదేళ్లు చెయ్యాలి, వాడికి పద్నాలుగేళ్లు చెయ్యాలి." తప్పు చేసిన సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన పేతురుకు మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన జవాబు మా తెలుగు బైబిలులో "డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" అని ఉంటుంది. అక్కడ ఏళ్లు అంటే ఏడులు. డెబ్బై ఏడుల సార్లు అని అర్థం. అమ్మ చిన్నప్పుడు వినికిడి మీద దాన్ని డెబ్బై సంవత్సరాలని పట్టుకుంది, అలాగే ఉంచుకుంది. మా అమ్మాయి లెక్క వేసి, "కాదు నానమ్మా, నాలుగు వందల తొంభై సార్లు" అని వివరించింది. అమ్మ కాసేపు ఆలోచించి, "నాలుగు వందల తొంభై లెక్కపెట్టుకుంటూ ఎవరు కూర్చుంటారే? మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటికి రావాలి. డెబ్బై ఏళ్లే నయం" అంది. ఇంట్లో అందరం నవ్వాము. ఆ రాత్రి పడుకున్నాక, లెక్క తప్పిపోవాలనే ప్రభువు అంత పెద్ద సంఖ్య చెప్పి ఉంటాడని నాకు అనిపించింది.

నిజానికి అప్పటికే నేను ఆ అధ్యాయాన్ని ఒకటికి రెండుసార్లు చదివి ఉన్నాను. నాకు కావలసిన వచనం అందులో దొరికింది కూడా: నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేసినయెడల నీవు పోయి అతనిని గద్దించుము. గద్దించడానికి వాక్యమే అనుమతి ఇస్తున్నదని సంతోషించి, ఏమేమి అనాలో మనసులో వరుసగా పేర్చుకున్నాను. ఒక్కణ్ణీ వెళ్తే మాట పెరుగుతుందేమోనని, ఫిబ్రవరి ఆఖరి వారంలో మా సంఘం అయ్యగారి (పాస్టరు గారి) ఇంటికి వెళ్లి, సాక్షిగా నాతో రమ్మని అడిగాను.

అయ్యగారు అంతా విని, "సాక్షులు పదహారో వచనంలో వస్తారండి. పదిహేనోది అయిందా?" అన్నారు.

అవలేదన్నాను.

"హోటల్లో చెప్పారట కదా. అది పదిహేడోది, సంఘమునకు తెలియజెప్పుము అనేది. మీరు కొస నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తున్నారు. పైగా మీరు చెప్పింది మన సంఘానికి కాదు, టీ సంఘానికి."

ఆయన నవ్వుతూనే అన్నా, ఆ మాటలో ఉన్న నిజం నన్ను పట్టుకుంది. ఆ వచనంలో "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు" అనే మాట ఒకటుంది. నేను చదివిన రెండుసార్లూ నా కళ్లు దాన్ని దాటిపోయాయి. మన ఊళ్లలో తగవులు నడిచే తీరు చూస్తే ప్రభువు చెప్పిన వరుస పూర్తిగా తిరగబడి ఉంటుంది. ముందు ఊరందరికీ తెలుస్తుంది, తరువాత ఇద్దరు ముగ్గురు పెద్దలు కూర్చుంటారు, తప్పు చేశాడంటున్న మనిషితో ఒంటరిగా మాట్లాడటం అన్నిటికన్నా చివర జరుగుతుంది, చాలాసార్లు జరగనే జరగదు. అందరిలో అన్నప్పుడు ఆ మనిషికి ఒప్పుకొనే దారి మూసుకుపోతుంది. ఒంటరిగా అన్నప్పుడు ఆయన "అవునురా" అన్నా పరువు పోదు. అయ్యగారు ఇంకొకటి కూడా గుర్తుచేశారు. ఎవరి మాటా వినని మనిషిని అన్యునిగాను సుంకరిగాను (పన్ను వసూలు చేసేవానిగాను) ఎంచుకొమ్మని అదే పదిహేడో వచనం చెబుతుంది. ఆ సువార్త ఎవరి పేరున ఉందో ఆ మత్తయే ఒక సుంకరి. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నవాణ్ణి ప్రభువు పిలిచి, అతనితో భోజనానికి కూర్చున్నాడు.

తరువాత అయ్యగారు ఒక తెల్లకాగితం ఇచ్చి, మధ్యలో గీత గీసి, ఎడమ పక్కన నా కంటితో చూసినదీ, కుడి పక్కన నేను అనుకున్నదీ రాయమన్నారు. ఈ పని ఎవరైనా ఒకసారి చేసి చూడాలని నా కోరిక. ఎడమ పక్కన "మడవ తీసి ఉంది, తూముకు సంచి అడ్డంగా ఉంది" అని రాయగానే కలం ఆగిపోయింది. మడవ ఎవరు తీశారో నేను చూడలేదు. సంచి ఎవరు పెట్టారో చూడలేదు. నేను ఊరంతా చాటిన దొంగతనం మొత్తం కుడి పక్కన ఉంది. లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, అబద్ధసాక్ష్యము పలుకకూడదనే ఆజ్ఞకు ఇచ్చిన వివరణ మేము చిన్నప్పుడు కంఠస్థం చేసిందే. పొరుగువాని గురించి అబద్ధమాడకుండా ఉంటే చాలదు, అతని తరఫున మాట్లాడాలి, అతను చేసిన దానికి వీలైనంత మంచి అర్థం చెప్పాలి అని దాని సారం. ఆ పాఠం అప్పజెప్పి బహుమతి కూడా తీసుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ శ్రద్ధగా వింది. ఆమె పుట్టిల్లు నరసాపురం దగ్గర, వాళ్లు బ్రదరన్ అనే క్రైస్తవ సహవాసం వాళ్లు; 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి ఈ డెల్టాలో పరిచర్య చేసిన బౌడెన్, బీర్ కుటుంబాల కాలం నాటిది ఆ సహవాసం. మా లూథరన్ లెక్కలో అబద్ధసాక్ష్యం ఎనిమిదో ఆజ్ఞ, వాళ్ల లెక్కలో తొమ్మిదోది. మాకు పెళ్లయిన నాటి నుంచి ఇది తేలలేదు. ఆ రోజు ఆమె, "మీ లెక్క చూసినా మా లెక్క చూసినా ఒకే ఆజ్ఞ దగ్గరికి వచ్చామండి. అంకె సంగతి తరువాత చూసుకుందాం, మీరు ముందు వెళ్లి రండి" అంది.

వెళ్లడానికి ముందు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రెండో వచనం. మత్తయి అయిదో అధ్యాయంలో, కొండమీది ప్రసంగంలో ఉంటుంది. బలిపీఠము దగ్గర అర్పణ అర్పిస్తుండగా, నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని జ్ఞాపకము వస్తే, అర్పణను అక్కడే విడిచిపెట్టి, మొదట వెళ్లి అతనితో సమాధానపడుము అని. దీన్ని నేను ఎన్నో ఏళ్లుగా "నీకు నీ సహోదరుని మీద కోపం ఉంటే" అన్నట్టుగా చదువుకుంటూ వచ్చాను. అక్కడ ఉన్నది అది కాదు. నీమీద అతనికి. నాకు కోపం ఉందా లేదా అని ఆ వచనం అడగడం లేదు. నా వల్ల నొచ్చుకున్నవాడు ఎవడైనా ఉన్నాడా అని అడుగుతున్నది. ఉన్నాడు. నీళ్ల దొంగ అనిపించుకున్నాడు.

రెండు వచనాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. పద్దెనిమిదో అధ్యాయంలో తప్పు ఆయనది: "నీవు పోయి" అని ఉంది. అయిదో అధ్యాయంలో తప్పు నాది: "మొదట వెళ్లి" అని ఉంది. తప్పు ఎవరిదైనా బయలుదేరవలసిన మనిషి మారడం లేదు. అతడే నీ దగ్గరకు రావలెను అనే వచనం ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఆ వచనం అన్నయ్య బైబిలులో ఉంటుంది. అక్కడ కూడా నీవు అనే ఉంటుంది, అక్కడ నీవు అంటే ఆయన. నా బైబిలులో నా వంతు మాత్రమే ఉంది.

మార్చి 2, శనివారం సాయంత్రం బయలుదేరాను. అయ్యగారు వట్టి చేతులతో వెళ్లమన్నారు, ఏదైనా పట్టుకెళ్తే అది మాటకు ముందే బేరంలా ఉంటుందని. అమ్మ ఒప్పుకోలేదు, "ఇంటికెళ్లేవాడు వట్టి చేతులతో వెళ్తాడా, మీ వదిన ఏమనుకుంటుంది?" అని, మధ్యాహ్నం కొట్టించిన పనసపొట్టు అరిటాకులో కట్టి చేతిలో పెట్టింది. ఇద్దరి మాటా కాదనలేక పొట్లం వదినగారికి వంటింటి గుమ్మంలో ఇచ్చేసి, చావిట్లోకి వట్టి చేతులతో వెళ్లాను. అక్కడ అన్నయ్యతో పాటు ఆయన అల్లుడు ఉన్నాడు, అల్లుడి స్నేహితులు ఇద్దరున్నారు. ఒంటరిగా అనే షరతు గుమ్మంలోనే తప్పింది. టీ ఇచ్చారు. అల్లుడు రొయ్యల ధర గురించి మాట్లాడాడు, నేనూ రొయ్యల ధర గురించి మాట్లాడాను, అన్నయ్య గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. ముప్పావుగంట తరువాత, చీకటి పడ్డాక లేచి వచ్చేశాను. అరుగు మీద అమ్మ అడిగింది: "సూర్యుడు ఉండగా చెప్పావా?" చెప్పలేదన్నాను. "పొట్టు ఇచ్చావా?" ఇచ్చానన్నాను. "సగం పని అయింది" అంది.

మరునాడు నెల మొదటి ఆదివారం, మాకు ప్రభురాత్రి భోజన సంస్కారం ఉండే రోజు. కానుక కవరు జేబులోనే ఉంది. అర్పణను విడిచిపెట్టి వెళ్లమన్న వచనాన్ని అంతగా చదివాక దాన్ని సంచిలో వేయడానికి నాకు చేయి రాలేదు. కానుక సంచి నా దగ్గరికి వచ్చినప్పుడు పక్కవారికి అందించాను. సంచి పట్టుకున్న సంఘపెద్ద చాలా దయగల మనిషి, వంగి, నా చెవిలో, "చిల్లర లేదా బాబూ, నేను సర్దనా?" అన్నారు. ఆయనకు ఎలా చెప్పాలో తెలియక, లేదండీ, వచ్చే వారం వేస్తాను అన్నాను. తరువాత సంస్కారానికి వరుసలవారీగా అందరూ లేచి ముందుకు వెళ్లారు. నేను కూర్చుండిపోయాను. మా వరుసవాళ్లు నా మోకాళ్లు తప్పించుకొంటూ వెళ్లాక, బెంచీ మొత్తం ఖాళీ అయింది. తల తిప్పి చూస్తే, నడవకు ఆ పక్క బెంచీ కూడా ఖాళీగానే ఉంది, చివర ఒక్క మనిషి తప్ప. అన్నయ్య కూడా లేవలేదు. ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకొని, పీఠం వైపు చూస్తూ, మిగతా సంఘం అంతా రొట్టె తీసుకుని తిరిగి వచ్చేదాకా అలాగే ఉన్నాము. ఆ పది నిమిషాల్లో ఆయన మీద నాకు మిగిలి ఉన్న కోపం దాదాపు అంతా పోయింది. ఆయన బైబిలులోని నీవు ఆయనను కూడా పట్టుకున్నదని తెలిసింది.

సోమవారం తెల్లవారుతుండగా చేను దగ్గరకు వెళ్లాను. అన్నయ్య పార భుజాన వేసుకుని గట్టు మీద ఉన్నాడు. నన్ను చూశాడు, పలకలేదు, ముందుకు నడిచాడు. నేను వెనకాల నడిచాను. మా గట్టు అడుగు వెడల్పు ఉంటుంది. పక్కపక్కన నడవడానికి వీలులేదు. ఆయన ముఖం నాకు కనపడదు, నా ముఖం ఆయనకు కనపడదు. నాకు కనపడుతున్నది తడిసిన బనీను, పార కర్ర, మెడ మీద నెరిసిన జుట్టు. ఆ మెడతోనే చెప్పాను. "అన్నయ్యా, హోటల్లో ఆరుగురి ముందు నిన్ను దొంగ అన్నాను. నేను చూడనిదాన్ని చూసినట్టు చెప్పాను. అది నా తప్పు, నన్ను క్షమించు." గద్దించడానికి పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అందులో లేదు.

ఆయన ఉన్నట్టుండి ఆగాడు. నేను పార కర్రకు గుద్దుకోబోయి ఆగాను.

"సంచి నేను పెట్టానని ఎవరు చెప్పార్రా?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. బోదె గట్టుకు ఎండ్రకాయలు కన్నాలు పెడితే, ఆ సాయంత్రం కూలి మనిషి చేత గోనెసంచిలో బురద నింపి అందులో కుక్కించాడట. రాత్రి నీటి ఉరవడికి అది ఊడి కొట్టుకొచ్చి మా తూము మూతికి పడింది. పొద్దున్న వచ్చి చూస్తే సంచి గట్టు మీద ఉంది, కన్నం తెరుచుకొని ఉంది, నేనే కావాలని పీకేశానని ఆయన అనుకున్నాడు. ఆయన కాగితంలో కుడి పక్కన నేనున్నాను.

కాసేపు ఆగి, "మడవ మాత్రం నేనే తీశాను. నా వంతులో కాలువ మట్టం పడిపోయి గంట సేపు నీళ్లు రాలేదు. పై మూల ఆరిపోయింది. గంట పెట్టుకొని కట్టేద్దామనుకున్నాను, కునుకు పట్టేసింది" అన్నాడు.

"అడగవలసింది అన్నయ్యా."

"అడిగితే ఇచ్చేవాడివా?"

ఇచ్చేవాణ్ణి అనే మాట నోటిదాకా వచ్చింది. అది పలికి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది. కాని మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను అన్నది కూడా ఆ అయిదో అధ్యాయంలోనే ఉంది. "ఆ రాత్రి అయితే ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాను.

ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. తిరిగి చూస్తే నవ్వుతున్నాడు. "నిజం చెప్పావు. ఇచ్చేవాణ్ణని అంటే ఈ పారతో కొట్టేవాణ్ణి" అన్నాడు. తరువాత ఇద్దరం గట్టు మీద కూర్చున్నాము. ఆయన తప్పు ఆయన ఒప్పుకున్నాడు, నేను మళ్లీ నాది చెప్పాను. చివరికి, "హోటల్లో అన్నది హోటల్లోనే వెనక్కి తీసుకో. ఇక్కడ చెబితే విన్నది నేనూ ఆ కొంగలూ" అన్నాడు. అడగదగిన మాటే అడిగాడు. అతడు నీ మాట వింటే నీ సహోదరుని సంపాదించుకొంటివి అని ఆ పదిహేనో వచనం ముగుస్తుంది. సంపాదించడం అనే మాట మనం డబ్బుకూ పొలానికీ వాడతాము. పుట్టుకతో ఉన్న అన్నయ్యను యాభై రెండేళ్ల వయసులో సంపాదించుకోవలసి రావడం ఏమిటో, ఇంటికి నడుస్తున్నప్పుడు నాకు తెలిసివచ్చింది.

హోటలు పని నేను అనుకున్నదాని కన్నా పెద్దదైంది. మంగళవారం పొద్దున్న వెళ్తే, ఆనాటి ఆరుగురిలో నలుగురే ఉన్నారు. నిలబడి, మా అన్నయ్య దొంగ కాడనీ, చూడకుండా చెప్పాననీ, సంచి ఎండ్రకాయ కన్నంలోంచి ఊడి వచ్చిందనీ చెప్పాను. అందరూ ఒక్క క్షణం నిశ్శబ్దమయ్యారు. తరువాత మూలన కూర్చున్న పెద్దాయన, "అయితే కన్నం వేసింది ఎండ్రకాయన్నమాట" అన్నారు. హోటలంతా నవ్వింది. "ఆయ్, మరి దాని మీద కేసు పెట్టరా అండి?" అన్నాడు టీ కాచే అబ్బాయి. ఆ నవ్వు నాకు మేలే చేసింది; దొంగ అన్న మాట కన్నా ఎండ్రకాయ మాట రుచిగా ఉండడంతో అది తనంతట తాను కొన్ని ఇళ్లకు వెళ్లింది. మిగిలిన ఇద్దరిలో ఒకాయనను ఆయన ఇంటికి వెళ్లి కలిశాను. ఆరో మనిషి తణుకులో కూతురి దగ్గర ఉన్నారని తెలిసి ఫోను చేస్తే, "ఆ మాట నేను మరచిపోయానండి, కాని మా వియ్యంకుడికి చెప్పేశానే" అన్నారు. ఆ వియ్యంకుడి నంబరు తీసుకొని, ముఖం తెలియని ఆయనకు కూడా చెప్పాను. ఆయన ఓపికగా అంతా విని, "చాలా సంతోషమండి, ఇంతకీ మీరెవరు?" అన్నారు. దొంగ అన్న మాట ఒక్క పొద్దులో ఊరు తిరిగింది. కాదన్న మాట చేరవలసిన చోటికి చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది.

నీళ్ల విషయంలో మేము చేసుకున్న ఏర్పాటు చిన్నదే. వంతు మారే వేళకు ఇద్దరిలో ఎవరి మడవ ఎవరు కట్టినా రెండోవాడు అక్కడ ఉండాలి. కాలువ మట్టం పడిపోయి ఒకరికి గంట పోతే, మరుసటి వంతులో ఆ నష్టం సగం సగం. అడగదలచుకుంటే అర్ధరాత్రయినా ఫోను చేయాలి. ఇవ్వదలచుకోకపోతే ఇవ్వనని చెప్పాలి. ఎండ్రకాయ కన్నాలు ఇద్దరం కలిసి పూడ్చాలి. అన్నయ్య నష్టపరిహారం ఇస్తానన్నాడు, నేను వద్దన్నాను, ఆ మాట అక్కడితో అయిపోయింది. ఏప్రిల్ కోతల్లో కొస మడి మిగతా మడుల కన్నా తక్కువే పండింది. ఎండిన రోజు ఎండిన రోజే, క్షమించుకున్నంత మాత్రాన వెన్నులోకి గింజ తిరిగి రాదు. మార్చి 31న పునరుత్థాన పండుగ (ఈస్టరు) నాడు మాత్రం ఇద్దరం ఒకే వరుసలో లేచి పీఠం దగ్గరకు వెళ్లాము. జేబులో నలిగిపోయిన ఆ పాత కవరును కొత్త కవరుతో కలిపి ఆ రోజే వేశాను. సంచి పట్టుకొన్న పెద్దాయన, "చిల్లర దొరికిందా బాబూ?" అన్నారు.

మరుసటి దాళ్వాలో, 2025 ఫిబ్రవరిలో, ఒక రాత్రి పదకొండున్నరకు అన్నయ్య ఫోను చేశాడు. "ఒరే, పై మూల ఆరుతోంది. నీ వంతులో అరగంట ఇస్తావా?" అన్నాడు. నేను టార్చిలైటు వేసి కొస మడి చూశాను. ఇంకా తడవలేదు. "ఇవాళ కాదన్నయ్యా. రేపటి వంతులో గంట తీసుకో" అన్నాను. "సరే, పడుకుంటున్నాను, కన్నం దగ్గర చూసుకో" అని ఫోను పెట్టేశాడు.